నైరూప్య చిత్రరచన – 6వ పాఠం: నగరంలో మూలాకారాన్ని పట్టుకోవడం

కిందటి పాఠంలో కొండనూ చెట్టునూ చదునైన రంగు ముక్కలుగా మార్చడం అభ్యసించాము. నగరం విషయంలో ఆ పద్ధతి ఒక్కటే చాలదు. భవనాల గుంపులో ఏది ఉంచాలో, ఏది వదలాలో తేలక, ఉన్న కిటికీలన్నీ గీసి వాటికి వింత రంగులు పూసి అదే నైరూప్యం అనుకునే ప్రమాదం ఉంది. ఈ చిక్కు విడదీసుకోవడానికి లెబనాన్ చిత్రకారిణి సలోవా రౌదా షుకైర్ పని మనకు దారి చూపుతుంది.

1916లో బీరూట్‌లో పుట్టిన షుకైర్, లెబనాన్ చిత్రకారులు ముస్తఫా ఫర్రూఖ్, ఒమర్ ఒన్సీల వద్ద చిత్రకళ నేర్చుకున్నారు. 1943లో కైరో వెళ్లి అక్కడి మసీదుల నిర్మాణాన్ని చూశాక ఆమె దృష్టి జ్యామితి వైపు మళ్లింది. 1948లో పారిస్ చేరి, మరుసటి ఏడాది కొన్ని నెలలు ఫ్రెంచి చిత్రకారుడు ఫెర్నాండ్ లెజే చిత్రశాలలో పనిచేశారు. అందువల్ల ఆమె నైరూప్యం పారిస్ నుంచి అరువు తెచ్చుకున్నదని తేల్చేవారు తేదీలు చూసుకోవాలి: బీరూట్‌లో ఆమె నైరూప్య చిత్రాల ప్రదర్శన జరిగినది 1947లోనే. 1948 నాటి ‘పారిస్–బీరూట్’ అనే గౌష్ (నీటితో కలిపి వాడే, కాగితం కనిపించనంత దట్టమైన రంగు) చిత్రంలో ఆమె రెండు నగరాలనూ ఒకే కాగితం మీదికి తెచ్చారు.

ఆమెకు ఆధారం ఇస్లామీయ అలంకరణ కళ. అందులో సరళరేఖ, వంపు అనే రెండింటితోనే ఒక మూలాకారం ఏర్పడుతుంది; అది పునరావృతమవుతూ, అంచు దాటినా కొనసాగగలిగేంత విస్తరిస్తుంది. ఖసీదా అనే అరబ్బీ దీర్ఘ కవితలోని ప్రతి ద్విపదా తనంత తానుగా నిలవగలగడం కూడా ఆమెను ఆకర్షించింది; మన శతకంలో ఏ పద్యానికి ఆ పద్యం పూర్తి అయినట్లే. 1960లలో ఆమె విడివిడి ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి చేసిన ‘కవిత’ శిల్పాలు ఈ ఆలోచన నుంచి పుట్టినవే.

ఇక అభ్యాసానికి వద్దాము. బీరూట్ పాత ఇళ్లకు ఎర్ర పెంకుల కప్పు, నడిమి హాలుకు మూడు కమానుల కిటికీ ఉంటాయి. ఆ కమానునే మూలాకారంగా తీసుకోండి. 24 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు గల కాగితాన్ని 8 సెంటీమీటర్ల చదరాలుగా, వరుసకు మూడు చొప్పున రెండు వరుసలుగా విభజించండి. కింది వరుసలోని ప్రతి చదరంలో కింది సగం నిలువు గీతలుగా ఉంచి, పై సగంలో 4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం గీయండి. పై వరుసలో అదే కమానును తలకిందులుగా గీయండి. ఇప్పుడు వృత్తాల మధ్య మిగిలిన మూలలను చూడండి: నాలుగేసి మూలలు కలిసేచోట, భుజాలు లోపలికి వంగిన నాలుగు కొనల నక్షత్రం కనిపిస్తుంది. కాగితం నడుమ పూర్తి నక్షత్రాలు రెండు, అంచుల్లో సగం నక్షత్రాలు రెండు వస్తాయి. మీరు నక్షత్రాన్ని గీయలేదు. కిటికీల మధ్య మిగిలిన చోటే నక్షత్రమైంది. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే: ఒకే గీత రెండు ఆకారాలకు హద్దు కావాలి. షుకైర్ తైలవర్ణ చిత్రం ‘రెండు=ఒకటి’ని (1947–51) దొరికితే ఈ దృష్టితో పరిశీలించండి. 1980లలో బాంబు పేలుడుకు ఎగిరిన గాజు పెంకులు ఆ కాన్వాసులో ఇంకా గుచ్చుకునే ఉన్నాయి.

రంగులు నాలుగు చాలు: ఇసుకరాతి పసుపు, పెంకు ఎరుపు, సముద్రపు నీలం, లేత గోధుమ. గౌష్ ఆరాక లేత రంగు కాస్త ముదురుతుంది, ముదురు రంగు కాస్త తేలుతుంది. మధ్యలో మళ్లీ కలిపితే అదే ఛాయ రాదు కాబట్టి, ఒక్కో రంగును కావలసినంతా ఒకేసారి కలిపి పెట్టుకోవాలి. నీడలు వేయకండి, అంచులు మెత్తబరచకండి. ఆరాక కాగితాన్ని దూరంగా నిలబెట్టి చూడండి. ముందుగా కిటికీలే కంటపడితే నక్షత్రాల రంగు బలహీనంగా ఉన్నట్లు. అప్పుడు మరో కాగితం తీసుకుని, నక్షత్రాలకు ఎరుపు ఇచ్చి, కమానులను ఇసుకరాతి పసుపు, లేత గోధుమ రంగులకు తగ్గించండి. తరువాతి పాఠానికి మీరు వేసిన కాగితాలన్నీ అవసరమవుతాయి. వాటిని కత్తిరించి, వరుసలను జరిపి అతికిస్తాము.