పాత వెండి రూపాయి అసలుదా, నకిలీదా? ఇలా చూడండి

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లలో పాత పెట్టె తీస్తే రెండు రకాల వెండి రూపాయలు దొరుకుతాయి. నాందేడ్ ఒకప్పుడు నిజాం ఇలాకా కాబట్టి చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లండు రాజు లేదా రాణి తలకాయ ఉన్న కల్దార్ ఇంకొకటి. ముందు చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోండి. రెండిటి తూకం ఒకటి కాదు.

తర్వాత బంగారం కొట్లో కాంటా మీద పెట్టించండి. కల్దార్ సరిగ్గా పాత తులం, అంటే 11.66 గ్రాములు. హాలీ 11.18 మాత్రమే. దాన్ని తులానికి తూచి తక్కువుందని నకిలీ అనేస్తే పొరపాటు. అరిగిన బిళ్ల కొద్దిగా తగ్గుతుంది గానీ తొమ్మిది గ్రాములకు దిగదు.

తూకం సరిపోయినా నమ్మకండి, నీళ్ల పరీక్ష చేయండి. కాంటా మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకె సున్నాకు తెచ్చి, బిళ్లను సన్నటి దారంతో అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. పొడి తూకాన్ని అప్పుడు కనిపించే అంకెతో భాగించాలి. పాత కల్దార్‌కు 10.3, పాత హాలీకి 10.1 దగ్గర రావాలి. 1940 నుంచి కల్దార్‌లో వెండి సగానికి తగ్గింది, అందుకే వాటికి తొమ్మిదిన్నరే వస్తుంది. పూత పూసిన ఇత్తడి ఎనిమిదిన్నర దరిదాపుల్లోనే ఉంటుంది.

ఇక అంచు. పళ్ల గీతల మీదుగా అతుకు గీత కనిపిస్తే అది అచ్చులో పోసిన సరుకు. అయితే 1940ల కల్దార్ల అంచు నడుమ నకిలీలను ఆపడానికి టంకశాలే ఒక గాడి పెట్టింది, దాన్ని అతుకనుకోవద్దు. భూతద్దంలో హాలీ మీది చార్మినార్ ద్వారం చూడండి: నిజాం మహబూబ్ అలీ నాణెంలో ఉర్దూ అక్షరం ‘మీమ్’, ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ నాణెంలో ‘ఐన్’ ఉంటుంది. పోత బిళ్లలో అక్కడ అక్షరం పోయి ముద్ద మిగులుతుంది.

అయస్కాంతానికి వెండి అంటదు. 1947 రూపాయి మాత్రం నికెల్‌ది, అంటుకుంటేనే అసలు.

రాముడి దర్బారు, హనుమంతుడి బొమ్మలతో 1616, 1818 అని ఉన్న ‘కంపెనీ అణాల’కు ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. ఈస్టిండియా కంపెనీ అలాంటివి వేయనే లేదు.

ఒకే ఏడాదివి నాలుగైదు అమ్మజూపితే పక్కపక్కన పెట్టండి. అన్నిటికీ ఒకేచోట ఒకే గీత ఉంటే ఒకే అచ్చులో పోసినట్టే, బేరం ఆపేయండి.