గైల్‌తో మన ఖర్చుల పుస్తకం – 4వ పాఠం: పద్దును ఫైల్లో దాచడం

మనం రాస్తున్నది గైల్‌లో, అంటే లిస్ప్ కుటుంబానికి చెందిన స్కీము భాషను నడిపే ప్రోగ్రాములో. మూడో పాఠం అయ్యేసరికి మన దగ్గర ‘పద్దు’ అనే లిస్టు తయారైంది. అందులో ఒక్కో వస్తువుకి ఒక చిన్న లిస్టు: పేరు, ఎంత కొన్నాం, ధర ఎంత. టెర్మినల్ మూసేస్తే అదంతా పోతుంది. ఈసారి దాన్ని ఫైల్లోకి ఎక్కిద్దాం.

చాలా భాషల్లో అయితే ఇక్కడ ముందు ఒక తర్జనభర్జన ఉంటుంది. డేటాను ఏ రూపంలో దాచాలి: సీఎస్‌వీనా, జేసనా, ఎస్‌క్యూలైటా? లిస్ప్ కుటుంబంలో ఆ టెన్షన్ తక్కువ. ప్రోగ్రామును కూడా డేటాలాగే లిస్టుగా రాయొచ్చని లిస్ప్ సృష్టికర్త జాన్ మెకార్తీ 1960 నాటి పేపర్లోనే చూపించాడు. అంటే మన కోడును చదివే రీడరే మన ఫైలునూ చదివిపెడుతుంది. తీరిక దొరికినప్పుడు ఒక్కరే కూర్చుని రాసుకునే ప్రాజెక్టుకి ఇంతకన్నా ఏం కావాలి? ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ కూడా తన బుక్‌మార్కుల్ని ఇలా లిస్టుగానే దాచుకుంటుంది.

మన ఫైల్లో ఉండబోయేది ఇది:

(("గోధుమ పిండి" 2 48)
 ("కందిపప్పు" 1/2 160))

అరకిలోని 0.5 అని కాక 1/2 అని రాయడం గమనించండి. స్కీములో అది అచ్చమైన భిన్నం. 1/3 అని దాచితే తిరిగి 1/3 గానే వస్తుంది, దశాంశాల చివర తేడాలు రావు.

ఇక కోడు. డిఫైన్, రైట్ లాంటి భాషలోని మాటల్ని, ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో బైట్లుగా దాచే పద్ధతి) పేరును ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ‘దాచు’, ‘తెరువు’, ‘పద్దు’ మనం పెట్టుకున్న పేర్లు కాబట్టి తెలుగులోనే ఉంచేయండి, గైల్ ఒప్పుకుంటుంది.

(డిఫైన్ (దాచు పద్దు)
  (కాల్-విత్-అవుట్‌పుట్-ఫైల్ "పద్దు"
    (లాంబ్డా (పోర్ట్) (రైట్ పద్దు పోర్ట్))
    #:ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్-8"))

(డిఫైన్ (తెరువు)
  (ఇఫ్ (ఫైల్-ఎగ్జిస్ట్స్? "పద్దు")
      (కాల్-విత్-ఇన్‌పుట్-ఫైల్ "పద్దు" రీడ్
        #:ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్-8")
      '()))

మొదటిసారి నడిపినప్పుడు ఫైలు ఉండదు కాబట్టి ఖాళీ లిస్టు ఇస్తున్నాం. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే గైల్ మీ సిస్టమ్ లొకేల్‌ను, అంటే భాష, అక్షరాల సెట్టింగును బట్టి పోతుంది. అది సరిగా లేని మెషీన్లో తెలుగు పేర్లు పాడవుతాయి.

‘రైట్’ బదులు ‘డిస్‌ప్లే’ వాడితే ఏమవుతుందో ఒకసారి కావాలనే చేసి చూడండి. తెర మీద అందంగానే కనిపిస్తుంది. ఫైల్లో మాత్రం మొదటి వస్తువు ఇలా పడుతుంది:

(గోధుమ పిండి 2 48)

కొటేషన్లు పోయాయి. తిరిగి చదివితే మూడు ముక్కలు ఉండాల్సిన చోట నాలుగు వస్తాయి. ‘గోధుమ’ ఒక సింబల్ (కొటేషన్లు లేని ఉత్త పేరు), ‘పిండి’ ఇంకో సింబల్. పరిమాణం ఉండాల్సిన రెండో స్థానంలో పిండి కూర్చుంటుంది, పరిమాణాన్ని ధరతో గుణించేటప్పుడు ఎర్రర్ వస్తుంది. ‘డిస్‌ప్లే’ మనుషులు చదవడానికి, ‘రైట్’ మెషీన్ మళ్లీ చదవడానికి. ఈమాక్స్ లిస్ప్‌లో వీటికి సాటి వచ్చేవి ‘ప్రిన్‌సీ’, ‘ప్రిన్1’.

‘రీడ్’ గురించి కూడా ఒక మాట. అది చదువుతుందే గానీ అమలు చేయదు. ఎవరో మీ ఫైల్లో డిస్కు తుడిచేసే కమాండు రాసి పెట్టినా మీ చేతికి వచ్చేది ఒక మామూలు లిస్టే. అదే ఫైలును ‘లోడ్’తో తెరిస్తే ఆ కమాండు నడుస్తుంది. అందుకే డేటాను ‘లోడ్’ చేయడం నాకు సుతరామూ నచ్చదు. లిస్ప్ కుటుంబంలోనే మరో భాష కామన్ లిస్ప్ వాడేవాళ్లకి ఇంకో మెలిక ఉంది: అక్కడ ‘#.’ గుర్తు కనిపిస్తే ‘రీడ్’ కూడా దాని పక్కనున్న కోడును నడిపేస్తుంది. చదివే ముందు ‘*రీడ్-ఇవాల్*’ అనే సెట్టింగును నిల్ చేసుకోవాలి, అంటే ఆపేసుకోవాలి. గైల్‌లో అది మామూలుగా ఆపేసే ఉంటుంది.

దాచుతుండగా కరెంటు పోతే? ఫైలు సగంలో ఆగి, పాత పద్దు కూడా దక్కదు. కాబట్టి ముందు "పద్దు.కొత్త" అనే ఫైల్లోకి రాసి, అది పూర్తయ్యాక ‘రీనేమ్-ఫైల్’తో అసలు పేరు పెట్టండి. లినక్స్‌లో ఒకే ఫైల్ సిస్టమ్ లోపల ఈ పేరు మార్పు సగంలో ఆగదు: పాతదైనా ఉంటుంది, కొత్తదైనా ఉంటుంది.

ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా పంచే ప్రాజెక్టు కదా, లైసెన్సు సంగతి ఇప్పుడే తేల్చేయండి. 2007లో వచ్చిన జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు 3వ వెర్షన్ నా ఎంపిక. దాని పూర్తి పాఠాన్ని ‘కాపీయింగ్’ అనే ఫైల్లో పెట్టి, ప్రతి కోడు ఫైలు మొదట్లో కాపీరైట్, లైసెన్సు వివరం రాయండి. ‘పద్దు’ ఫైలును మాత్రం గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చడం మర్చిపోవద్దు. కోడు అందరిదీ అయినా మీ ఇంటి లెక్కలు ఊరందరికీ ఎందుకు?

అభ్యాసం: ఒక్కో వస్తువుకి నాలుగో ముక్కగా తేదీ చేర్చండి. తేదీ లేని పాత పద్దు ఫైళ్లను కూడా ‘తెరువు’ తడబడకుండా చదవాలి. వచ్చే పాఠంలో మాక్రోలు (కోడును తయారుచేసే కోడు) మొదలుపెడదాం, మొదటి పని ఈ రెండు ఫంక్షన్లలో పదేపదే వస్తున్న ఎన్‌కోడింగ్ గొడవను ఒకచోటికి చేర్చడం.