అరిగిన రోమన్ కంచు నాణెం – 4వ పాఠం: ఎనిమిదో అక్షరం

పోయిన పాఠంలో నాణేన్ని కొలిచి, తూచి, దాని కాలాన్ని అంచనా వేయడం చూశాం. ఇప్పుడు చక్రవర్తి పేరు పట్టుకుందాం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు ముఖం చూస్తారు. 1, 2 శతాబ్దాల పెద్ద నాణేలకు అది పనికొస్తుంది. నీరో బలిసిన మెడ, హాడ్రియన్ గడ్డం ఎంత అరిగినా ఆనవాలు మిగులుతుంది. 4వ శతాబ్దపు చిన్న కంచు నాణేల దగ్గర మాత్రం ముఖాన్ని నమ్మవద్దు. కాన్‌స్టాంటైన్‌కూ అతని కొడుకులకూ అచ్చులు చెక్కినవాళ్లు దాదాపు ఒకే ముఖం వేసి పెట్టారు. ఈ పాఠం ఆ కుటుంబం గురించే. తమిళనాడులో కరూరు దగ్గర అమరావతి నది ఇసుకలో, అటు శ్రీలంకలో దొరికిన రోమన్ నాణేల్లో ఈ శతాబ్దపు చిల్లర కూడా ఉంది కాబట్టి మనకు మరీ దూరపు సంగతేమీ కాదు.

బొరుసు వైపు నుంచి మొదలుపెట్టండి. ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలబడి, మధ్యలో సైనిక ధ్వజాలు ఉన్నాయా? చుట్టూ ఉండే రాత ‘గ్లోరియా ఎగ్జర్సిటస్’, సైన్యపు కీర్తి అని. ధ్వజాలు లెక్కపెట్టండి. రెండుంటే 330–335 మధ్య కొట్టిన నాణెం, ఒక్కటే ఉంటే 335–341 మధ్యది. 335లో నాణెం పరిమాణం తగ్గించారు, దాంతోపాటు ఒక ధ్వజమూ పోయింది. రెండు ధ్వజాలది సుమారు 18 మిల్లీమీటర్లు, ఒక ధ్వజానిది 15–16. సైనికులకు బదులు ఇద్దరు పసివాళ్లకు పాలిస్తున్న తోడేలు కనిపిస్తే వెతుకులాట అక్కడితో ఆపేయండి. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్నది చక్రవర్తి కాదు, రోమ్ నగర దేవత.

ఇక బొమ్మ వైపు. రాత ఎడమవైపు కింద మొదలై, తల మీదుగా తిరిగి, కుడివైపు దిగుతుంది. అక్షరాల పాదాలు నాణెం నడిమికి, తలలు అంచుకు ఉంటాయి. లాటిన్ రాతలో కాన్‌స్టాంటైన్ పేరు కాన్‌స్టాంటినస్, అతని చిన్న కొడుకులిద్దరూ కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్. కాన్‌స్టాంటినస్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ అనే మూడు పేర్లకూ మొదటి ఏడు అక్షరాలు ఒకటే: సి, ఓ, ఎన్, ఎస్, టి, ఏ, ఎన్. కాబట్టి వాటితో కుస్తీ పట్టి లాభం లేదు, అవి లెక్కకు మాత్రమే. ఎనిమిదో అక్షరం దగ్గర ఆగండి. అది ఎస్ అయితే కాన్‌స్టాన్స్, పని అయిపోయింది. టి అయితే ఇంకో రెండు అక్షరాలు ముందుకు వెళ్లండి. పదోది ఎన్ అయితే కాన్‌స్టాంటినస్, వి అయితే కాన్‌స్టాంటియస్. ఆ కాలపు రాతలో ‘యు’ లేదు, దాని చోట ‘వి’ చెక్కేవారు.

అరిగిన నాణెం మీద ఈ ఎన్‌నూ వినీ విడదీయడమే అసలు విద్య. ఎన్‌లో అడ్డంగా దిగే ఏటవాలు గీత ముందు చెరిగిపోతుంది, పక్కపక్కన రెండు నిలువు గీతలు మిగులుతాయి. వి గీతలు రెండూ నాణెం నడిమి వైపు వచ్చి కలుస్తాయి. కలిసే మొన అంచు వైపు ఉంటే అది వి కాదు, అడ్డగీత పోయిన ఏ. దీపం ఎదురుగా వద్దు. బల్ల మీద నాణెం పెట్టి, ఒక పక్కనుంచి వాలుగా వెలుతురు పడనిచ్చి, భూతద్దం కింద నాణేన్ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో లేని గీత ఇంకో కోణంలో నీడగా తేలుతుంది. గీత కనబడలేదని ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమారో, చిలుముతో పాటు అక్షరాలూ పోతాయి. చాలా నాణేల మీద ఆ పచ్చటి పొరలోనే రాత నిలిచి ఉంటుంది.

లెక్క సి నుంచే మొదలుపెట్టాలని గుర్తుంచుకోండి. చిన్న కొడుకులిద్దరూ సీజర్లుగా, అంటే చక్రవర్తి కింద ఉప చక్రవర్తులుగా ఉన్నప్పుడు పేరుకు ముందు ‘ఎఫ్ఎల్ ఐవిఎల్’ (ఫ్లావియస్ జూలియస్ అనే పేర్లకు పొట్టిరూపం) తరచుగా ఉంటుంది. దాన్నీ కలిపి లెక్కపెడితే అంతా తప్పుతుంది.

కాన్‌స్టాంటినస్ అని తేలినా తండ్రా కొడుకా అన్నది మిగిలే ఉంటుంది, ఇద్దరిదీ ఒకటే పేరు. పేరు తర్వాత ఏముందో చూడండి. తండ్రికి సాధారణంగా ‘మ్యాక్స్ ఏవిజి’ (మహా అగస్టస్, అంటే పూర్తి స్థాయి చక్రవర్తి), కొడుకు సీజర్‌గా ఉన్నన్నాళ్లూ ‘ఐవిఎన్ నోబ్ సి’ (చిన్నవాడు, ఘనుడైన సీజర్). ఆ చోటు చెరిగిపోతే తల మీదికి వెళ్లండి. సీజర్లకు ఆకుల దండ, తండ్రికి ఎక్కువగా పూల బిళ్లలో రత్నాలో పొదిగిన పట్టీ. 337 మేలో తండ్రి చనిపోయాడు, సెప్టెంబరులో ముగ్గురు కొడుకులూ అగస్టస్‌లయ్యారు. అప్పటి నుంచి వాళ్లకూ ఆ పట్టీ వచ్చింది, పేరు చివర ‘ఏవిజి’ చేరింది. పెద్దవాడు 340లో తమ్ముడు కాన్‌స్టాన్స్ మీదికి దండెత్తి చనిపోయాడు.

అభ్యాసానికి రెండు నాణేలు. మొదటిది 18 మిల్లీమీటర్లు, రెండు ధ్వజాలు, తల మీద ఆకుల దండ. ఎడమవైపు రాత మొత్తం పోయింది, కుడివైపు ‘ఏ, ఎన్, ఎస్’, తర్వాత ‘నోబ్ సి’ మిగిలాయి. రెండోది 15 మిల్లీమీటర్లు, ఒకటే ధ్వజం, తల మీద పట్టీ. ఎనిమిదో అక్షరం టి, పదోచోట నడిమి వైపు కలిసే రెండు గీతలు, చివర ‘ఏవిజి’. రెంటికీ పేరుతో పాటు ఏ సంవత్సరాల మధ్యవో కూడా రాయండి. ఒక సూచన: కాన్‌స్టాన్స్ సీజర్ అయింది 333 డిసెంబరులో. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఉంటాయి. ఆ తర్వాత సైనికుల కాళ్ల కింద ఉండే చిన్న అక్షరాలను బట్టి నాణెం ఏ టంకశాలదో పట్టుకోవడం చూద్దాం.