పాత లాటిన్ దస్తావేజు చదవడానికి నాకు పనికొచ్చినవి

పదమూడో శతాబ్దపు ఇంగ్లండ్ భూదాన పత్రం ఒకటి చదవాల్సి వచ్చింది. నా దగ్గరున్న నిఘంటువు ప్రాచీన రోమన్ వక్త సిసెరో కాలం లాటిన్‌కి రాసింది. పత్రంలో చాలా మాటలు అందులో లేవు.

అసలు తలనొప్పి పొట్టి రాతలు. రాసే తోలు ఖరీదు, సమయం తక్కువ, అందుకే లేఖకులు మాటల్ని కుదించి పైన గీత గీసేవారు. దీనికి ఇటలీ పండితుడు కాపెల్లి 1899లో తెచ్చిన సంక్షిప్తాల నిఘంటువు తప్ప వేరే మందు లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. వివరణలు ఇటాలియన్‌లో ఉన్నా టెన్షన్ అక్కర్లేదు, పూర్తి రూపం లాటిన్‌లోనే ఇస్తాడు.

తర్వాత స్పెల్లింగ్. మధ్యయుగంలో 'టి' ఉండాల్సిన చోట తరచు 'సి' రాశారు, 'ఏ-ఈ' (ae) జంట బదులు ఒట్టి 'ఈ' (e) పెట్టారు. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ కొట్టి చూడాలి. ఇది తెలిశాకే సగం మాటలు దొరికాయి.

మిగిలినవాటికి షికాగో విశ్వవిద్యాలయం వారి లొగేయాన్ అనే ఆన్‌లైన్ నిఘంటువుల సైటు. 2013లో పూర్తయిన బ్రిటిష్ మధ్యయుగ లాటిన్ నిఘంటువు కూడా అందులో ఉంది. ఫ్రెంచ్ పండితుడు డ్యు కాంజ్ 1678లో తెచ్చిన కోశం ఇంకా విస్తారం కానీ లాటిన్ మాటకి లాటిన్‌లోనే అర్థం చెబుతుంది, కొత్తవాళ్లకి హింసే!

మొదటినుంచీ నేర్చుకోవాలంటే బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉచిత పాఠాలు బాగుంటాయి. 1086 నుంచి 1733 వరకు ఇంగ్లండ్ పత్రాల్లో వాడిన లాటిన్‌కే అవి పరిమితం. ఇలాంటి దస్తావేజులు 'ఇప్పుడున్నవారూ రాబోయేవారూ తెలుసుకొందురు గాక' వంటి మూస వాక్యాలతో నడుస్తాయి కాబట్టి ఒకటి పట్టుబడితే రెండోది వేగంగా సాగుతుంది.