లెక్కలు మేజర్, ఆర్ట్స్ మైనర్: డిగ్రీలో రెండూ కలిపి చదివే తీరు

ఇంటర్‌లో ఎంపీసీయో ఎంఈసీయో చదివి, డిగ్రీలో లెక్కలతో పాటు చరిత్రో తెలుగో కూడా గట్టిగా చదవాలనుకునేవాళ్ల కోసం ఇది. లెక్కలు మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా), ఆర్ట్స్ మైనర్‌గా (తోడు సబ్జెక్టుగా) పెట్టుకోండి. చరిత్ర, రాజనీతి శాస్త్రం లాంటి వాటిలో ఎం.ఏ.కి చాలా చోట్ల ఏ డిగ్రీవాళ్లనైనా తీసుకుంటారు. ఎమ్మెస్సీ లెక్కలకి చాలా చోట్ల అలా కుదరదు, డిగ్రీలో లెక్కలు చదివుండాలి. తిరగేసి పెట్టుకుంటే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మూడేళ్లలో మేజర్‌కి 60, మైనర్‌కి 24. డబుల్ మేజర్ కావాలంటే రెండో సబ్జెక్టులో 40 శాతం, అంటే 48 క్రెడిట్లు తెచ్చుకోవాలి. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల క్లాసు. మైనర్‌కీ డబుల్ మేజర్‌కీ తేడా 24 క్రెడిట్లు, 360 గంటలు. ఆ గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయో తేల్చుకోకుండా డబుల్ మేజర్ జోలికి పోవద్దు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది. తర్వాత మార్పులుంటే మీరు చేరే ఏడాది నోటిఫికేషన్‌లో ఉన్నదే లెక్క.

చాలామంది దెబ్బతినేది చేరేటప్పుడే. వెబ్ ఆప్షన్లలో కాలేజీ, మేజర్ ఖాయమవుతాయి. మైనర్ సంగతి తర్వాత కాలేజీలో తేలుతుంది. అప్పటికి చూస్తే చరిత్ర చెప్పే లెక్చరర్ ఉండరు, లేదా ఇద్దరే అడిగారని ఆ మైనర్ నడపరు. అందుకే ఆప్షన్లు పెట్టకముందే కాలేజీకి పోయి, లెక్కల మేజర్‌వాళ్లకు కిందటేడు ఏ మైనర్లు నిజంగా నడిచాయో, రెండో ఏడాది టైంటేబుల్‌లో ఆ పీరియడ్లు లెక్కల పీరియడ్ల మీద పడుతున్నాయేమో అడగండి. మార్కుల మెమోలో మైనర్ పేరు అచ్చవుతుందో లేదో సీనియర్ మెమో చూస్తే తెలిసిపోతుంది. నెల్లూరు జిల్లా కాలేజీలకు కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ, ప్రకాశంలో ఒంగోలులోని ఆంధ్ర కేసరి యూనివర్సిటీ. సిలబస్ వాళ్ల వెబ్‌సైట్‌లోంచే దించుకోండి, జిరాక్స్ షాపులో దొరికే పాత కాపీ నమ్ముకోవద్దు.

చదివే పద్ధతి రెండింటికీ ఒకటి కాదు. లెక్కలు రోజూ గంటన్నర, ఆదివారం కూడా. గ్రూప్ థియరీ చూడండి: సబ్‌గ్రూపు తెలిస్తేనే కోసెట్ అర్థమవుతుంది, కోసెట్ తెలిస్తేనే లగ్రాంజ్ సిద్ధాంతం. మధ్యలో ఒక్క వారం పోతే ఆ తర్వాతదంతా బట్టీనే. ఆర్ట్స్‌కి అరగంటలు పనికిరావు. నలభై పేజీల అధ్యాయాన్ని ముక్కలుగా చదివితే వాదన చేజారిపోతుంది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు గంటలు కూర్చోండి. పొదలకూరు నుంచో చీమకుర్తి నుంచో బస్సులో వచ్చేవాళ్లు ఆ టైంలో కొత్త రుజువులు పెట్టుకోవద్దు, నిర్వచనాలు నెమరేసుకుంటే చాలు.

రియల్ అనాలిసిస్ వచ్చాక లెక్కలు కూడా రాతపనే. ఎప్సిలాన్ అంటే ఫంక్షన్ విలువలో మనం ఒప్పుకునే తేడా, డెల్టా అంటే బిందువు నుంచి ఎంత దూరం జరగొచ్చో ఆ హద్దు. 'ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా దొరుకుతుంది' అంటే ఫంక్షన్ ఆ బిందువు దగ్గర అవిచ్ఛిన్నం (కంటిన్యువస్). అదే 'ఒకే డెల్టా అన్ని ఎప్సిలాన్లకూ సరిపోతుంది' అని రాస్తే, ఆ బిందువు చుట్టూ ఫంక్షన్ విలువ మారనే మారదని అర్థం. మాటల వరస మారింది, సిద్ధాంతమే మారిపోయింది. ఆర్ట్స్ వ్యాసాల్లో వాక్యం జాగ్రత్తగా కట్టడం అలవాటైనవాళ్లు ఇక్కడ ముందుంటారు. అందుకని రుజువుని గుర్తులతోనే కాకుండా పూర్తి తెలుగు వాక్యాల్లో ఒకసారి రాసి చూడండి. ఎక్కడ అర్థం కాలేదో అక్కడే కలం ఆగుతుంది.

ప్రాజెక్టుకి రెండు సబ్జెక్టులూ కలిసే చోటు వెతకండి. మన దగ్గర అలాంటివి కావలసినన్ని ఉన్నాయి. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. శాసనంలో సాధారణంగా శక సంవత్సరం, దాంతో పాటు ప్రభవాది సంవత్సరం పేరు ఉంటాయి. శక సంఖ్యకి 12 కలిపి 60తో భాగించండి; శేషం ఎంతో ప్రభవ నుంచి అన్నో పేరు (శేషం సున్నా అయితే అక్షయ). కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టుకున్న 1514నే తీసుకోండి. అది శక 1436. 12 కలిపితే 1448, 60తో భాగిస్తే శేషం 8. ఎనిమిదోది భావ, సరిపోయింది. పేరు ఒకటి తేడాగా వస్తే శాసనం తప్పని వెంటనే రాసెయ్యకండి: గడిచిన సంవత్సరాలు లెక్కపెట్టారా, నడుస్తున్నది చెప్పారా అన్నదాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది. క్రీస్తుశకంలోకి మార్చడానికి 78 కలపాలి. మాఘం, ఫాల్గుణం లాంటి జనవరి తర్వాతి నెలలైతే 79. యాభై శాసనాలు ఇలా సరిచూసి, పొసగనివాటిని విడిగా పట్టిక వేస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది. శతాబ్దానికి ఇన్ని శాసనాలని గ్రాఫు గీసి, ఆ కాలంలో దానాలు ఎక్కువని మాత్రం తేల్చొద్దు. మీ చేతిలో ఉన్నవి మిగిలిన రాళ్లు, వేయించినవన్నీ కావు.

తెలుగు మైనర్‌వాళ్లకు ఛందస్సు ఉంది. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు కాబట్టి 2×6×6×2×2, మొత్తం 288 రకాలు. ఆటవెలది మొదటి పాదంలో వరస వేరు, సంఖ్య మాత్రం అదే 288. దాని రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే గనక 32. కవులు వీటిలో ఏవి ఎక్కువ వాడారో లెక్కతీయడం అసలైన పని. ఇక్కడ ఒక చిక్కు: డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన పద్యాలను ప్రోగ్రామ్ చదవలేదు. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చెయ్యండి. సమీకరణాలూ తెలుగూ ఒకే పేజీలో కావాలంటే జీలాటెక్ (XeLaTeX) అనే టైపుసెట్టింగ్ సాఫ్ట్‌వేరూ, దాంతో మండలి లాంటి యూనికోడ్ ఫాంటూ వాడండి. మామూలు పీడీఎఫ్ లాటెక్‌తో తెలుగు రాదు.

కాలేజీలో మీకు కావలసిన మైనర్ లేకపోతే ఇంకో దారి ఉంది. 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకు ఒప్పుకుంది: ఉదాహరణకు ఒకటి రెగ్యులర్‌గా, ఒకటి దూరవిద్యలో. బీఎస్సీ ఇక్కడ చదువుతూ ఇగ్నోలో బీఏ కట్టొచ్చు. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరుల్లో వస్తాయి. డిసెంబరులో మీ సెమిస్టర్ పరీక్షలతో ఢీకొనే ప్రమాదం ఉంది కాబట్టి బరువైన పేపర్లు జూన్‌కి ఉంచుకోండి. ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకి యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఏ దారిలో వెళ్లినా సెమిస్టర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా డిజిలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెరిచి, మైనర్ క్రెడిట్లు ఎక్కాయో లేదో సరిచూడండి. ఎక్కకపోతే ఆ నెలలోనే ఎగ్జామ్ సెల్‌లో అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.