క్లినిక్‌లో మాటలు విని నోట్స్ రాసే ఏఐ పెట్టే ముందు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు క్లినిక్కుల్లో ఒకే గదిలో తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ కలిసి నడుస్తాయి. అందుకే డెమో చూసి డబ్బు కట్టేయకండి. మీ గదిలో, ఫ్యాన్ తిరుగుతుండగా, బయట టోకెన్ నంబర్లు పిలుస్తుండగా పరీక్షించండి.

• రికార్డింగ్‌కు ముందే రోగుల అనుమతి అడగాలి, వాళ్ల భాషలో. గోడకు బోర్డు తగిలిస్తే సరిపోదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. వద్దన్నవాళ్లనూ అంతే శ్రద్ధగా చూడాలి.

• అసలు జాగ్రత్త నోట్స్ దగ్గరే. పెద్దావిడ "ఆయాసం లేదండీ" అన్నప్పుడు చివరి మాట మెల్లగా వస్తే, నోట్స్‌లో ఆయాసం మిగులుతుంది. థైరాయిడ్ మాత్ర 12.5లోనూ 125 మైక్రోగ్రాముల్లోనూ దొరుకుతుంది. చుక్క పోతే మోతాదు పదింతలు. పక్కన కూర్చున్న కోడలు చెప్పింది ఎవరి పేరున పడిందో చూడండి. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా లేని వాక్యాలు పుట్టుకొస్తాయి. మాటల్ని రాతగా మార్చే విస్పర్ అనే ఏఐని 2024లో పరీక్షించిన పరిశోధకులు ఇదే చూపించారు. కాబట్టి రోగి ఎదురుగా ఉండగానే డాక్టర్ చదివి సరిచేయాలి. సాయంత్రానికి వాయిదా వేస్తే ఎవరేమన్నారో గుర్తుండదు.

• ఆడియో ఎక్కడికి వెళ్తుంది, ఎన్నాళ్లుంటుంది, కంపెనీ తన మోడల్ శిక్షణకు వాడుకుంటుందా? రాతపూర్వకంగా తీసుకోండి.

• ఇళ్లకు వెళ్లే నర్సులు, సోషల్ వర్కర్లు సొంత ఫోన్‌లో రికార్డు చేయకూడదు. ఇంట్లో దెబ్బలు తింటున్న మహిళను కలిసినప్పుడు, కొట్టే మనిషి పక్క గదిలోనే ఉంటే మైక్ ఆపేసి, ముందు ఆమె చెప్పేది వినండి.

• నెట్ పోతే రాసుకోవడానికి కాగితం సిద్ధంగా ఉంచండి.