జీడితోటలో బొచ్చు సాలీడు ఎదురైతే

బొచ్చు సాలీడంటే టరాంటులా. తొలకరి పడ్డాక వీటిలో మగవి ఆడదాన్ని వెతుక్కుంటూ బయట తిరుగుతాయి. ఉద్దానం జీడితోటలోనో, ఎస్.కోట వైపు కొండవాలులోనో టార్చి వెలుగులో అరచెయ్యంత సాలీడు కనబడితే ముందు అడుగు ఆపండి. కొట్టడానికి చెప్పు తియ్యకండి.

అది టరాంటులాయేనా? గోడమీద చదునుగా అతుక్కుని, పీతలా పక్కకి పరిగెత్తేది, కడుపు కింద తెల్లటి బిళ్లలాంటి గుడ్ల సంచి మోసేది వేరే జాతి, దానికి భయపడక్కర్లేదు. టరాంటులాకి కాళ్లు లావు, ఒళ్లంతా నూగు.

నేలబొరియలో ఉండే రకమైతే బొరియ మూతి దగ్గర పట్టుదారాల అల్లిక కనిపిస్తుంది. వేలు పెట్టొద్దు, నీళ్లో కిరోసినో పొయ్యొద్దు. చెట్టుతొర్రలో ఉండే పొసిలోథీరియా రకం బెరడులో కలిసిపోతుంది. బెదిరి ముందుకాళ్లు పైకెత్తితే వాటి అడుగున పసుపు మెరుస్తుంది. ఆ పసుపు కనబడిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లిపోయినట్టే. వెనక్కి రండి.

దాని చూపు అంతంతమాత్రం. కాళ్ల వెంట్రుకలతోనే నేల అదురునీ గాలి కదలికనీ పసిగడుతుంది, కాబట్టి ఊదడం, కాలు తాటించడం రెండూ తప్పే. ఫోన్ వీడియోల్లో వెనక్కాళ్లతో వెంట్రుకలు రేపి కొట్టేవి అమెరికా ఖండాలవి. మనవాటికి ఆ విద్య లేదు, అందుకే కాటుకి తొందరపడతాయి.

తోటలోనే ఉంటే వదిలెయ్యండి, కాసేపటికి దాని దారి అది చూసుకుంటుంది. అరుగు మీదకొస్తేనే పట్టే పని. కాళ్లు చాపినా ఇంకా రెండంగుళాలు మిగిలే ప్లాస్టిక్ డబ్బాని దాని ఎదుట పక్కకి పడుకోబెట్టండి. రెండడుగుల కర్రకి మెత్తటి గుడ్డ చుట్టి వెనక్కాళ్లని మెల్లగా తాకితే లోపలికి నడుస్తుంది. పైనుంచి బోర్లిస్తే కాలు నలుగుతుంది. మూతికి అట్ట అడ్డం పెట్టి, డబ్బాని కిందకి జారనివ్వకుండా తీసుకెళ్లండి. నడుమెత్తు నుంచి పడ్డా కడుపు పగిలి చచ్చిపోవచ్చు. చెట్టురకం జోలికి మాత్రం పోవద్దు. కర్ర మీదుగా క్షణంలో చేతికి పాకేస్తుంది.

వెల్లకిలా పడుంటే చచ్చిందనుకోకండి, కుబుసం విడుస్తోంది. ముట్టుకోవద్దు. చచ్చినదానికి కాళ్లు లోపలికి ముడుచుకుంటాయి.

కరిస్తే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. నొప్పికి పారాసెటమాల్. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు. దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు, పాముకాటు మందు పనిచెయ్యదు. ఏం కరిచిందో చూడకపోతే మాత్రం పాముకాటనే అనుకుని 108కి ఫోన్ చెయ్యండి. చెట్టురకం కరిస్తే కండరాలు పట్టెయ్యడం కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు, తగ్గాక రోజుల తరబడి మళ్లీ మళ్లీ రావచ్చు. ఆసుపత్రికి బండి మీరు నడుపుకుంటూ వెళ్లకండి, వెనక కూర్చోండి.